తెర పోలేదు, వెలుగు తగ్గిందంతే: లాప్‌టాప్ మసకబారితే డబ్బు కట్టే ముందు ఇది చదవండి



ఇది కొంచెం పెద్దగానే ఉంటది. తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో లాప్‌టాప్ ఉన్నవాళ్ళు దాన్ని పక్కన పెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

మన గూడేల్లో ఇప్పుడు లాప్‌టాప్‌లు బాగానే కనపడుతున్నాయి. కొత్తవి తక్కువ, సెకండ్ హ్యాండ్‌వి ఎక్కువ. కాఫీ గింజలు అమ్మిన డబ్బుతోనో, పసుపు డబ్బుతోనో, అక్క మొదటి జీతంతోనో కొన్నవి. ఒక్కో దాని మీద ఇద్దరు ముగ్గురు చదువుకుంటున్నారు. అలాంటి లాప్‌టాప్ తెర ఒకరోజు మసకబారడం మొదలైతే ఏం జరుగుద్దో మనందరికీ తెలుసు. "పాడైపోయింది" అంటారు. అలా అయినప్పుడు ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మొహం చూస్తారు. కొంచెం తెలిసినాయన ఒకరు వచ్చి "తెర పోయింది, మార్చాలి, ఐదారు వేలు అవుద్ది" అంటాడు. ఆ మాటతో లాప్‌టాప్ అటక మీదకి పోద్ది.

మేము చెప్పేది ఒక్కటే. తెర మసకబారడం వేరు, తెర పాడవడం వేరు. కరెంటు పొదుపు చెయ్యమని లాప్‌టాప్ లోపల ముందే కొన్ని రూల్స్ రాసి పెట్టి ఉంటాయి. మనల్ని అడక్కుండా వెలుగు తగ్గించేది అవి. అవి ఎక్కడున్నాయో తెలిస్తే పైసా ఖర్చు లేకుండా మన చేతిలోకి తెచ్చుకోవచ్చు.

మా చెల్లి సంగతి

మేము ముగ్గురం. పాడేరు వైపు పక్కపక్క గూడేల వాళ్ళం, వరసకి బావలం. విశాఖలో ఒకే రూంలో ఉంటున్నాం. ఇద్దరం చదువుతున్నాం, ఒకరు పనికి వెళ్తున్నారు. ముగ్గురం కలిసి మా చెల్లి కోసం ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ తీసుకున్నాం. ధర 18,000. అందులో సగానికి పైన ఇంట్లో కాఫీ అమ్మిన డబ్బే.

చెల్లి డిగ్రీ మొదటి సంవత్సరం అయిపోయి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేస్తోంది. డిగ్రీ చదివినవాళ్ళకి ఈ ప్రాజెక్ట్ సంగతి చెప్పక్కర్లేదు. సర్వే చెయ్యాలి, రిపోర్టు రాయాలి, దానికి మార్కులుంటాయి. తను మంచినీళ్ళ మీద తీసుకుంది. మూడు గూడేలు తిరిగి, ఏ ఇంటికి నీళ్ళు ఎక్కడ నుంచి వస్తున్నాయి, ఎండాకాలంలో ఏ ఊట ఎండిపోద్ది, బోరు ఎన్ని రోజుల నుంచి పనిచెయ్యట్లేదు అని ఇల్లిల్లూ అడిగి రాసింది. ఊటల ఫోటోలు తీసింది. మన గూడెం గురించి మన పిల్లే రాసిన కాగితం అది. దాని విలువ మార్కులతో అయిపోయేది కాదు.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. మన దగ్గర వాన పడితే కరెంటు సంగతి తెలిసిందే కదా. పొద్దున పోతే సాయంత్రం, సాయంత్రం పోతే మర్నాడు. కరెంటు ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టుకోవడం, పోయాక బ్యాటరీ మీద పని చేసుకోవడం. అక్కడే మొదలైంది గొడవ. రిపోర్టు టైప్ చేస్తుంటే బాగానే ఉంటది. ఊట ఫోటో తెరవగానే తెర మెల్లగా కుంగిపోద్ది. మళ్ళీ తెల్ల పేజీకి వస్తే మెల్లగా లేస్తది. కాసేపటికి ఒక్కసారిగా సగం వెలుగు పోద్ది, ఇంక లేవదు. సిగ్నల్ కోసం గూడెం పైనున్న బండ మీదకి తీసుకెళ్తే ఎండలో అసలు ఏమీ కనపడదు. తువ్వాలు నెత్తి మీద నుంచి తెర మీదకి కప్పుకుని, ఆ చీకట్లో ఫైల్ పంపేది.

రాత్రుళ్ళు తలనొప్పి. అమ్మ "కళ్ళు పోతన్నాయేటమ్మా" అని భయపడింది. నాన్న "మిషను పాడైపోనాదేటి" అన్నాడు. చెల్లి ఏమీ అనకుండా లాప్‌టాప్ మూసేసి రిపోర్టు చేత్తో రాయడం మొదలుపెట్టింది. చివరి తేదీకి 12 రోజులు ఉంది. ఫోన్లో మాకు చెప్పిన మాట ఇది: "అన్నయ్యా, అంత డబ్బు పెట్టి కొన్నారు, నా చేతిలోకి వచ్చాకే ఇలా అయింది." మమ్మల్ని బాధపెట్టింది తెర కాదు, ఈ మాట.

లాప్‌టాప్ బస్సులో విశాఖ వచ్చింది. ఒక షాపుకి తీసుకెళ్ళాం. ఆయన చార్జర్ లేకుండా ఆన్ చేసి, మసక చూసి, పక్కనున్న పెద్ద మానిటర్‌కి వైరు కలిపాడు. అందులో బొమ్మ చక్కగా ఉంది. "చూసారా బాబూ, బయట తెర బాగుంది, మీ తెరలో బాలేదు. ప్యానెల్ పోయింది. 6,500 అవుద్ది. 2,000 అడ్వాన్స్ ఇస్తే రేపు సాయంత్రానికి మార్చేస్తా" అన్నాడు. లెక్క సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తది కదా? రేపు వస్తామని చెప్పి రూంకి వచ్చేశాం. 6,500 అంటే ఇంట్లో పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, సంతకి మోసుకెళ్ళి అమ్మితే వచ్చే డబ్బు. ఒక్క రాత్రి ఆలోచించకుండా ఎలా ఇస్తాం?

రూంలో చార్జర్ పెట్టి ఆన్ చేశాం. గంట చూశాం, రెండు గంటలు చూశాం. ఫోటో తెరిచాం, సినిమా పెట్టాం. తెర వెలుగు అలాగే నిలబడి ఉంది. అప్పుడు మాలో పనికి వెళ్ళే బావ అన్న మాటే మొత్తం సమస్యకి తాళం చెవి: "తెర పాడైతే చార్జర్ పెట్టగానే బాగవుద్దా బావా?"

నోటు పుస్తకంలో నాలుగు గడులు

అప్పుడు ఒక నోటు పుస్తకం తీసి గీతలు గీశాం. చార్జర్ ఉందా లేదా, బ్యాటరీ ఎంత శాతం, తెర మీద ఏముంది, ఏం జరిగింది. నాలుగే గడులు. ఒక సాయంత్రం అంతా దీని మీదే కూర్చున్నాం.

చార్జర్ ఉన్నప్పుడు ఏ బొమ్మ పెట్టినా మార్పు లేదు. చార్జర్ తీసి 80 శాతంలో తెల్ల పేజీ పెడితే మార్పు లేదు. అదే 80 శాతంలో చీకటి ఫోటో పెడితే మెల్లగా కుంగింది. బ్యాటరీ 20 శాతానికి రాగానే, తెల్ల పేజీ అయినా చీకటి ఫోటో అయినా ఒక్కసారిగా వెలుగు పడిపోయింది. కాసేపు ఏ బటనూ నొక్కకుండా వదిలేస్తే తెర పూర్తిగా ఆరిపోయింది, వేలు తగలగానే వచ్చింది.

చివరిగా బయోస్‌లోకి వెళ్ళాం. బయోస్ అంటే విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగ్స్ పేజీ. ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 గానీ, డిలీట్ గానీ, ఎస్కేప్ గానీ నొక్కుతుంటే వస్తది. కంపెనీని బట్టి బటన్ మారుద్ది. చార్జర్ లేకుండా అక్కడ అరగంట ఉంచాం. తెర కదల్లేదు, కుంగలేదు.

అంటే ఏంటి? అక్కడ విండోస్ లేదు, విండోస్ రూల్స్ లేవు. అక్కడ తెర బాగుందంటే తెర ఆరోగ్యంగానే ఉన్నట్టు. ఇంకో సంగతి కూడా తేలింది. మనం "మసక" అని ఒకే పేరు పెట్టి పిలిచేది నిజానికి మూడు వేరువేరు విషయాలు. చీకటి బొమ్మకి కుంగేది ఒకటి. 20 శాతం దగ్గర పడేది ఒకటి. ముట్టుకోకపోతే ఆరేది ఒకటి.

తెర లోపల ఏం జరుగుద్ది

మనం వాడే లాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం ఎల్‌సీడీ తెరలే. ఎల్‌సీడీ తెర సొంతంగా వెలగదు. వెనకాల ఎల్‌ఈడీ దీపాలు ఉంటాయి. ముందు ఉన్నవి లక్షల కొద్దీ చిన్న చిన్న కిటికీలు. ఏ కిటికీ ఎంత తెరుచుకోవాలో లాప్‌టాప్ చెప్తది. అలా బొమ్మ వస్తది. వెనక దీపానికి బ్యాక్‌లైట్ అని పేరు. లాప్‌టాప్ బ్యాటరీని బాగా తినేవాటిలో ఈ బ్యాక్‌లైట్ ఒకటి. అందుకే పొదుపు అనగానే అందరి కన్నూ ముందు దీని మీదే పడుద్ది.

చీకటి ఫోటో ఉన్నప్పుడు ఏం చేస్తారంటే, వెనక దీపం తగ్గించి, ముందు కిటికీలు ఇంకొంచెం ఎక్కువ తెరుస్తారు. లోపలికి వచ్చే వెలుగు తక్కువైనా కిటికీ పెద్దగా తెరిచారు కాబట్టి మనకి తేడా తెలీదని లెక్క. తెల్ల పేజీకి ఈ ఎత్తు పారదు, ఎందుకంటే కిటికీలు అప్పటికే పూర్తిగా తెరిచి ఉన్నాయి. అందుకే చెల్లి టైప్ చేసేటప్పుడు బాగుండి, చెట్ల నీడలో తీసిన ఊట ఫోటో తెరవగానే కుంగింది. రెండింటి మధ్య మాటిమాటికీ తిరిగితే తెర ఊపిరి తీసి వదులుతున్నట్టు ఉంటది.

తలనొప్పి సంగతి కూడా చెప్పాలి. కొన్ని తెరల్లో వెలుగు తగ్గించడం అంటే దీపాన్ని చాలా వేగంగా ఆర్పి వెలిగించడమే. వెలుగు ఎంత తగ్గిస్తే, ఆరి ఉండే సమయం అంత ఎక్కువ. కంటికి నేరుగా కనపడదు గానీ కొంతమందికి దానివల్ల కళ్ళు లాగుతాయి, తల నొప్పి వస్తది. దానికితోడు మసక తెర మీద చిన్న అక్షరాల కోసం కళ్ళు చికిలించడం. తెర సరిచేసుకున్నాక కూడా నొప్పి తగ్గకపోతే మాత్రం కళ్ళ డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే, దాన్ని లాప్‌టాప్ మీదకి నెట్టొద్దు.

మరి షాపాయన పెద్ద మానిటర్‌కి పెట్టి చూపించిన లెక్క ఎక్కడ తప్పింది? ఈ పొదుపు రూల్స్ లాప్‌టాప్ సొంత తెర మీదే పనిచేస్తాయి. వైరుతో కలిపిన మానిటర్ తన కరెంటుతో తను వెలుగుతుంది. దాని దీపాన్ని లాప్‌టాప్ తగ్గించదు. కాబట్టి రూల్ వల్ల మసకైనా బయట మానిటర్ బాగానే కనపడుద్ది, ప్యానెల్ పోయినా బయట మానిటర్ బాగానే కనపడుద్ది. ఆ ఒక్క పరీక్షతో ఏదీ తేలదు. ఆయన మోసం చేశాడని మేము అనట్లేదు. పరీక్ష సగంలో ఆగిపోయింది అంటున్నాం. మిగతా సగం బయోస్‌లో ఉంది.

ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

విండోస్ 11 ఉన్నవాళ్ళకి చెప్తున్నాం. పదాలు తెర మీద ఇంగ్లీష్‌లో ఉంటాయి, ఇక్కడ పలికినట్టు రాస్తున్నాం.

మొదటిది, చీకటి బొమ్మకి కుంగే రూల్. సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్, అందులో డిస్‌ప్లే. బ్రైట్‌నెస్ దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటే నొక్కండి. "చేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్" అని కనపడితే అదే. దాన్ని ఆఫ్ చెయ్యొచ్చు, లేదా "ఆన్ బ్యాటరీ ఓన్లీ" అని ఉంచొచ్చు. చెల్లి లాప్‌టాప్‌లో ఆన్ బ్యాటరీ ఓన్లీ అని ఉంది. అందుకే చార్జర్ పెడితే మాయం, తీస్తే హాజరు. ఈ వరస అన్ని లాప్‌టాప్‌లలో కనపడదు.

అక్కడ లేకపోయినా తెర కుంగుతుంటే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో చూడాలి. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నవాటిలో "ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్" అనే యాప్ ఉంటే, అందులో సిస్టమ్, పవర్, ఆన్ బ్యాటరీ దగ్గర "డిస్‌ప్లే పవర్ సేవింగ్స్" అని ఉంటది. ఏఎమ్‌డీ ఉన్నవాటిలో ఏఎమ్‌డీ సాఫ్ట్‌వేర్ తెరిచి డిస్‌ప్లే భాగంలో "వేరీ-బ్రైట్" కోసం చూడండి. పేర్లు వేరు, పని మాత్రం అదే.

రెండోది, 20 శాతం దగ్గర పడేది. సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ. కొన్నిట్లో "బ్యాటరీ సేవర్" అని, కొత్త వెర్షన్లలో "ఎనర్జీ సేవర్" అని ఉంటది. ఎన్ని శాతం దగ్గర మొదలవ్వాలో అక్కడే మార్చుకోవచ్చు. దాని కిందే "లోయర్ స్క్రీన్ బ్రైట్‌నెస్" అని ఇంకో స్విచ్ ఉంటది. సేవర్‌ని ఉంచి, ఈ ఒక్క స్విచ్ ఆపేస్తే మిగతా పొదుపు జరుగుద్ది, వెలుగు మాత్రం పడిపోదు.

మూడోది, ముట్టుకోకపోతే ఆరేది. అదే పవర్ అండ్ బ్యాటరీ పేజీలో స్క్రీన్ ఎన్ని నిమిషాలకి ఆరాలో బ్యాటరీ మీద వేరుగా, చార్జర్ మీద వేరుగా పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ పరీక్ష, ఇంటర్వ్యూ ఉన్నరోజు దీన్ని ముందు రోజే పెంచి పెట్టుకోండి. ప్రశ్న చదువుతూ ఆలోచిస్తుంటే తెర ఆరిపోతే గుండె జారిపోద్ది.

నాలుగోది, చుట్టూ ఉన్న వెలుతురుని బట్టి మారేది. లైట్ సెన్సర్ ఉన్న లాప్‌టాప్‌లలోనే ఉంటది. డిస్‌ప్లే పేజీలో "చేంజ్ బ్రైట్‌నెస్ ఆటోమేటికల్లీ వెన్ లైటింగ్ చేంజెస్" అని ఉంటే ఇదే.

ఉబుంటు వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో పవర్ దగ్గరకి వెళ్ళండి. "డిమ్ స్క్రీన్" అనేది కాసేపు ముట్టుకోకపోతే వెలుగు తగ్గిస్తది. "ఆటోమేటిక్ స్క్రీన్ బ్రైట్‌నెస్" అనేది సెన్సర్ ఉంటేనే కనపడుద్ది.

అసలు వెలుగు మార్చే గీతే కనపడట్లేదా? డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ చూడండి. అక్కడ "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కలేదని అర్థం. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌కి విండోస్ కొత్తగా వేసిచ్చినప్పుడు ఇది జరగొచ్చు. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ వేసుకోవాలి.

సంస్థల వాళ్ళు ఇచ్చిన లాప్‌టాప్ అయితే కొన్ని సెట్టింగ్స్ తాళం వేసి ఉండొచ్చు. మార్చలేకపోతే మీకు రాకపోవడం కాదు, ఇచ్చినవాళ్ళని అడగాలి.

ఈ రూల్స్ ఎవరిని చూసి రాశారు

కంప్యూటర్ కరెంటు పొదుపు కొత్తది కాదు. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎమ్ అనే పద్ధతి తెచ్చాయి. 1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణం విడుదల చేశాయి. కరెంటు పొదుపు నిర్ణయాలు ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చింది దీనితోనే. లైట్ సెన్సర్‌ని చూసి వెలుగు మార్చడం విండోస్ 7తో, అంటే 2009లో విండోస్‌లోకి వచ్చింది. ఉద్దేశం మంచిదే. బ్యాటరీ ఎక్కువసేపు రావాలి, కరెంటు వృథా కాకూడదు.

కానీ ఒక్కటి గమనించండి. ఈ రూల్స్‌లో ఎక్కువ భాగం బ్యాటరీ మీద ఉన్నప్పుడే పనిచేస్తాయి. ఎప్పుడూ ప్లగ్ పక్కనే కూర్చునేవాళ్ళకి వీటి మొహం కూడా తెలీదు. బ్యాటరీ మీద పని అంటే వాళ్ళకి ఏ రైల్లోనో కాసేపు. మనకి బ్యాటరీయే రోజువారీ బతుకు. అందుకని ఈ రూల్స్ అందరికీ ఒకేలా రాసినా, ఎక్కువగా తగిలేది కరెంటు నిలకడ లేని గూడెంలో కూర్చున్న పిల్లకి. ఏ రూల్ వచ్చి వెలుగు తగ్గించిందో తెర మీద చెప్పదు. చెప్పదు కాబట్టి ఆ పిల్ల "నా చేతిలోనే పాడైంది" అనుకుంటది.

ఇది లాప్‌టాప్‌తో ఆగేది కాదు. ఫారం సబ్మిట్ అవ్వకపోయినా, స్కాలర్‌షిప్ పేజీ తిరుగుతూ ఉండిపోయినా మన పిల్లలు ముందు తమనే అనుమానించుకుంటారు. "మనకి రాదు" అనుకుంటారు. మిషన్ అలా చెయ్యడానికి కారణం ఉంటదని, ఆ కారణం వెతికితే దొరుకుద్దని, అది దొరికించుకోవడానికి ఇంజనీర్ అవ్వక్కర్లేదని, ఒక నోటు పుస్తకం, ఒక సాయంత్రం చాలని చెప్పాలనే ఇంత రాస్తున్నాం.

అన్నీ ఆపేయండి అని చెప్పట్లేదు

లాప్‌టాప్ సరిచేసి పంపాం. ఫోన్లో చెల్లికి ఒక్కో రూల్ గురించి చెప్తే తను అన్నీ ఆపలేదు. బొమ్మని బట్టి కుంగేది ఆపేసింది, ఫోటోలు చూసి సర్వే రాసేటప్పుడు అది అడ్డం కాబట్టి. సేవర్‌ని ఉంచింది. మొదలయ్యే శాతం 20 నుంచి 10కి తగ్గించింది. వెలుగు 60 దగ్గర తనే పెట్టుకుంది. బ్యాటరీ ఇదివరకు మూడు గంటలు వచ్చేది, ఇప్పుడు రెండున్నర వస్తోంది. "అరగంట పోయినా పర్లేదన్నయ్యా, ఉన్న రెండున్నర గంటలూ కనపడుతోంది కదా" అంది. వాన ముసురు పట్టి రెండు రోజులు కరెంటు రాకపోతే అన్ని పొదుపులూ తనే ఆన్ చేస్తది. అప్పుడు ఆ రూల్స్ చుట్టాలే. ఏ రోజు ఏది కావాలో తన ఇష్టం.

ఎండ సంగతి మాత్రం ఏ సెట్టింగ్ తీర్చదు. ట్యూబ్ లైట్ రూంలో వెలుతురు కొన్ని వందల లక్సులు ఉంటే, నేరుగా పడే ఎండ లక్ష లక్సుల దాకా ఉంటది. తక్కువ ధర లాప్‌టాప్ తెర పూర్తి వెలుగు 250 నిట్స్ చుట్టూ ఉంటది, అది రూంలో వాడుకోడానికి చేసింది. కాబట్టి బండ మీద సిగ్నల్ కోసం వెళ్తే చెట్టు నీడ చూసుకోండి. ఇంకా మేలు, ఫైల్‌ని ఫోన్‌లోకి ఎక్కించుకుని ఫోన్ ఒక్కటే పైకి తీసుకెళ్ళండి. చెల్లి చివరికి అలాగే పంపింది. రిపోర్టు తేదీకి మూడు రోజుల ముందే చేరింది. ఊటల ఫోటోలన్నీ అందులో ఉన్నాయి.

నిజంగా తెర పోతే గుర్తులు ఇవి

తెర నిజంగా పాడయ్యేదీ ఉంటది. అప్పుడు రూల్స్ వెతుక్కుంటూ కూర్చోవద్దు.

బయోస్‌లో కూడా వెలుగు అదరడం, కుంగడం ఉంటే రూల్ కాదు, లోపల భాగమే. మూత ముందుకీ వెనక్కీ కదిపినప్పుడు వెలుగు మారితే తెరకి వచ్చే కేబుల్ అరిగి ఉండొచ్చు. కేబుల్ మార్చితే సరిపోయేదానికి ప్యానెల్ మార్పించుకోవద్దు, గట్టిగా అడగండి. తెర ఒక మూల ఎప్పుడూ నల్లగా ఉంటే, గీతలు పడితే ప్యానెల్ అనుమానించాలి. పూర్తిగా నల్లగా అయిపోతే చీకట్లో టార్చి లైటు ఏటవాలుగా వేసి చూడండి. బొమ్మ మసగ్గా కనపడిందంటే బొమ్మ వస్తోంది, వెనక దీపమే వెలగట్లేదు.

బ్యాటరీ త్వరగా 20కి పడిపోతుంటే బ్యాటరీయే ముసలిదై ఉండొచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీష్‌లో పవర్ అని, దానికి ఆనించి సి, ఎఫ్, జి అక్షరాలు, ఒక ఖాళీ, స్లాష్, దానికి ఆనించి బ్యాటరీరిపోర్ట్ అని ఒకే మాటగా కొట్టండి. ఒక ఫైల్ తయారవుద్ది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే కొత్తలో ఎంత పట్టేదో, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు ఎంత పడుతోందో. రెండో అంకె మొదటిదానిలో సగానికి పడిపోయిందంటే ఖర్చు పెట్టాల్సింది బ్యాటరీ మీద, తెర మీద కాదు. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనేటప్పుడే ఈ ఫైల్ చూపించమని అడగండి. చార్జర్ తీసి, ఒక చీకటి ఫోటో, ఒక తెల్ల పేజీ కూడా చూసుకోండి. షాపులో ఎప్పుడూ చార్జర్ పెట్టే చూపిస్తారు.

చివరిగా ఒక మాట

హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక పని చెయ్యండి. ఒక ఆదివారం సాయంత్రం అందరూ లాప్‌టాప్‌లు తెచ్చుకుని ఒకచోట కూర్చోండి. చార్జర్లు తీసేయండి. పైన చెప్పిన నాలుగు రూల్స్ ఒక్కొక్కటే తెరిచి చూసుకోండి. కొత్తగా వచ్చిన ఫస్ట్ ఇయర్ పిల్లల చేత వాళ్ళ చేత్తోనే మార్పించండి, మీరు లాక్కుని చెయ్యొద్దు. ఊరికి వెళ్ళినప్పుడు అటక మీద పడి ఉన్న లాప్‌టాప్ ఏదైనా ఉంటే దించి బయోస్ పరీక్ష పెట్టండి. ఏ ఇంట్లోనైనా తెర మసకబారిందని ఎవరైనా తల దించుకుని ఉంటే, లాప్‌టాప్ సంగతి తర్వాత, ముందు వాళ్ళకి "నీ చేతి వల్ల కాదు" అని చెప్పండి.